డెస్క్‌టాప్‌ని ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి తీసుకెళ్ళడం: మన నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సిస్టమ్ కాస్త మొరాయిస్తే చాలు మన దగ్గర అందరి నోటా వచ్చే మాట ఒకటే, ఫార్మాట్ కొట్టేద్దాం అని. కొట్టేయొచ్చు, కష్టమేం కాదు, కానీ కొట్టాక టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఏది, పాప ఫోటోలేవి, ప్రింటర్ ఎందుకు రావట్లా అని ఫోన్లు చేస్తారు చూడండి, ఆ ఫోన్ల కోసమే ఇది రాస్తుండా. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 డెస్క్‌టాప్‌ల గురించి. పాత విండోస్ 7 సంగతి ఆఖర్లో చెప్తా.

ఫ్యాక్టరీ రీసెట్ అంటే అసలు ఏం జరుగుద్ది?

విండోస్ తనంతట తనే మళ్ళీ ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ అవుద్ది. సీడీ అక్కర్లా, పెన్‌డ్రైవ్ అక్కర్లా. ఈ సదుపాయం 2012లో విండోస్ 8తో వచ్చింది, అంతకుముందు అయితే కంపెనీ వాళ్ళు హార్డ్ డిస్క్‌లో ఒక మూల దాచిపెట్టిన రికవరీ పార్టిషన్ ఒకటే దిక్కు. ఫోన్‌లో రీసెట్ కొట్టినట్టే అనుకోండి, కాకపోతే ఫోన్‌లో లేని తలనొప్పులు ఇక్కడ ఉండాయి, డ్రైవర్లు (ప్రింటర్, సౌండ్ లాంటివి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు), లైసెన్సులు, సి డ్రైవ్ డి డ్రైవ్ గొడవ. ఇంకోటి, మీరు కొన్నప్పుడు విండోస్ 10 ఉండి తర్వాత 11కి అప్‌డేట్ అయ్యుంటే రీసెట్ చేశాక కూడా 11 వస్తది, 10 రాదు. కొన్నరోజు ఎట్టుందో అచ్చంగా అట్ట అవ్వదు అన్నమాట.

మాది అసెంబుల్డ్ సిస్టమ్ అన్నా, మాకూ ఫ్యాక్టరీ సెట్టింగ్స్ ఉంటాయా?

నన్ను అడిగే వాళ్ళలో ఎక్కువమందివి అసెంబుల్డ్ సిస్టమ్సే, ట్రంక్ రోడ్డు మీద షాపులో బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ ఒక కంపెనీది, క్యాబినెట్ ఇంకెవరిదో పెట్టి బిగించి ఇచ్చినవి. వాటికి ఫ్యాక్టరీ అంటూ ఏదీ లేదు, షాపతని టేబులే దాని ఫ్యాక్టరీ. కాబట్టి హెచ్‌పీ, డెల్, ఏసర్ డెస్క్‌టాప్‌లకు ఉండే రికవరీ పార్టిషన్ మీ దాంట్లో ఉండదు, యూట్యూబ్ చూసి ఎఫ్11 నొక్కుతా కూర్చుంటే ఏమీ రాదు. కానీ విండోస్ సొంత రీసెట్ మాత్రం మీకూ పనిచేస్తది. షాపతను వేసిన ఆఫీసు, ఫోటోషాప్, తెలుగు ఫాంట్లు అవేవీ తిరిగి రావు, ఒట్టి విండోస్ వస్తది అంతే.

బ్రాండెడ్ వాళ్ళకైతే హెచ్‌పీలో ఆన్ చేయగానే ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ పట్టుకొని ఎఫ్10, డెల్‌లో ఎఫ్12 కొట్టి సపోర్ట్ అసిస్ట్ ఓఎస్ రికవరీ. మోడల్‌ని బట్టి కొద్దిగా మారొచ్చు, ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కింద చిన్న అక్షరాల్లో వచ్చేది చదవండి.

సిస్టమ్ బాగా స్లో అయింది, రీసెట్ చేస్తే ఫాస్ట్ అవుద్దా?

ఇది పెద్ద ప్రశ్న, కొంచెం ఓపిగ్గా చదవండి. విండోస్ వల్ల స్లో అయితే, అంటే అక్కర్లేని సాఫ్ట్‌వేర్లు బోలెడు, మూడు యాంటీవైరస్‌లు, బ్రౌజర్ నిండా చెత్త, అట్టాంటప్పుడు రీసెట్ చేస్తే తేడా బాగా తెలుస్తది. కానీ హార్డ్‌వేర్ వల్ల స్లో అయితే ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ అన్న కాలమ్ చూడండి. ఏమీ చేయకపోయినా ఎప్పుడు చూసినా నూటికి నూరు కొడతా ఉంటే, లోపల పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, మీకు కావాల్సింది రీసెట్ కాదు, ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగేదేమీ లేని వేగమైన డిస్క్. 240 జీబీది చిన్నది వేసి దాంట్లోకి విండోస్ ఎక్కిస్తే అదే పాత సిస్టమ్ లేచి కూర్చుంటది. హార్డ్ డిస్క్ టక్ టక్ అని శబ్దం చేస్తున్నా, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగులో కాషన్ అని చూపిస్తున్నా రీసెట్ జోలికి అస్సలు పోవద్దు, ముందు డేటా బయటికి లాగండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద రీసెట్ పెడితే మధ్యలో ఆగిపోయి ఉన్నది కూడా పోతది.

ఇంకో రకం ఉంది. చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసుల్లో సిస్టమ్‌లు పది నిమిషాలు నడిచి ఠపీమని ఆఫ్ అవుతా ఉంటాయి, విండోస్ పాడైంది రీసెట్ చెయ్ అంటారు. పక్క డోర్ విప్పితే ప్రాసెసర్ మీద ఫ్యాన్‌కి, దాని కింద అల్యూమినియం రెక్కల మధ్య బూడిద రంగు రాతి పొడి అట్టు కట్టి ఉంటది, వేలు పెట్టి గీకితే పొరలు పొరలుగా ఊడొస్తది. గాలి ఆడక వేడెక్కి తనే ఆఫ్ అయిపోతోంది పాపం. బ్లోయర్‌తో ఊది, ప్రాసెసర్ వేడి లాగేందుకు పెట్టిన పాత పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది పెడితే సరిపోద్ది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. సముద్రం పక్క ఊళ్ళలో, రొయ్యల చెరువుల దగ్గర షెడ్లలో ఉండే సిస్టమ్‌లకి ఉప్పు గాలికి ర్యామ్ కాళ్ళు నల్లబడతాయి, ఆన్ చేస్తే బీప్ బీప్ అంటది, డిస్‌ప్లే రాదు. ర్యామ్ తీసి కాళ్ళని పిల్లల ఎరేజర్‌తో మెల్లగా రుద్ది మళ్ళీ పెట్టండి. వీటన్నిటికీ రీసెట్‌కి సంబంధమే లేదు.

ఫార్మాట్, రీసెట్, సిస్టమ్ రిస్టోర్, బయాస్ రీసెట్, ఇవన్నీ ఒకటేనా?

కాదు కాదు. సిస్టమ్ రిస్టోర్ అంటే మొన్న ఏదో అప్‌డేటో డ్రైవరో వేశాక పాడైంది, అంతకుముందు రోజుకి వెనక్కి పోవడం, మీ ఫైల్స్ జోలికి పోదు. ముందు ఇది ట్రై చెయ్యండి, కాకపోతే చాలా సిస్టమ్‌లలో ఇది ఆఫ్‌లో ఉంటది, ముందే ఆన్ చేసి పెట్టుకున్నోళ్ళకే ఉపయోగం. రీసెట్ అంటే పైన చెప్పిందే. ఫార్మాట్ అంటే మన వాడుకలో పెన్‌డ్రైవ్ పెట్టి సి డ్రైవ్ తుడిచేసి మొదట్నుంచి ఎక్కించడం.

బయాస్ రీసెట్ అంటే విండోస్‌కి సంబంధం లేదు, మదర్‌బోర్డ్ సెట్టింగ్స్ మొదటికి వస్తాయి. మీ కంప్యూటర్‌లో టైమ్, డేట్ రోజూ తప్పు చూపిస్తా ఉంటే దానికి మందు రీసెట్ కాదు, బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి, వాచీల షాపులో కూడా దొరుకుద్ది. బయాస్‌లో లోడ్ డిఫాల్ట్స్ కొట్టేముందు సాటా మోడ్ (డిస్క్ బోర్డుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని ఉందా రెయిడ్ అని ఉందా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. అది మారిపోతే బాగున్న విండోస్ కూడా ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం స్క్రీన్ చూపిస్తది, అప్పుడు మళ్ళీ పాత మోడ్ పెడితే లేస్తది.

కీప్ మై ఫైల్స్ అని పెడితే ఏమీ పోవు గదా?

పోతాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఇవి ఉంటాయి, నిజమే. సాఫ్ట్‌వేర్లు మాత్రం విండోస్‌తో వచ్చినవి తప్ప అన్నీ పోతాయి, ఏవేవి పోయాయో రిమూవ్డ్ యాప్స్ అని ఒక లిస్టు డెస్క్‌టాప్ మీద పెడుద్ది, అదొక్కటే ఓదార్పు. ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్ డేటా, యాప్ డేటా ఫోల్డర్లలో ఉన్నది కూడా పోద్ది, మీ గొడవంతా ఈడే ఉంటది, ఎందుకంటే క్రోమ్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, స్టిక్కీ నోట్స్ ఇవన్నీ యాప్ డేటాలోనే కూర్చుంటాయి. క్రోమ్‌లో జీమెయిల్‌తో సింక్ ఆన్ చేసుంటే మళ్ళీ లాగిన్ అవగానే వస్తాయి, లేకపోతే గోవిందా.

అందుకే కీప్ మై ఫైల్స్ అన్నా సరే, బ్యాకప్ లేకుండా బటన్ నొక్కొద్దు. బ్యాకప్ అంటే డి డ్రైవ్‌లోకి కాపీ చేయడం కాదు, అది అదే డిస్క్ గదా. బయట హార్డ్ డిస్కో పెన్‌డ్రైవో తీసుకొని దాంట్లో వేసి, ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంకో సిస్టమ్‌లో పెట్టి రెండు మూడు ఫైల్స్ తెరిచి చూసుకోండి. కాపీ అయింది అనుకున్నవి తెరుచుకోకపోవడం చాలాసార్లు చూశా.

షాపులో టాలీ ఉంది, డేటా ఏమవుద్ది?

రైస్ మిల్లులు, ఎరువుల కొట్లు, మేత డీలర్లు అందరూ అడిగేది ఇదే. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కితే డేటా మెనూ వస్తది, దాంట్లో బ్యాకప్ కొట్టి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. అదిగాక డేటా ఫోల్డర్ మొత్తాన్ని కూడా కాపీ చేసి పెట్టుకోండి, రెండూ ఉంటే నిద్ర పడుతది. ఆ ఫోల్డర్ ఎక్కడుందో టాలీలో కంపెనీ సెలెక్ట్ చేసే చోట పాత్ కనపడుద్ది, కొంతమందికి సి డ్రైవ్, కొంతమందికి డి, ఎవరు ఇన్‌స్టాల్ చేశారో వాళ్ళ ఇష్టం. ఒరిజినల్ లైసెన్స్ అయితే రీసెట్‌కి ముందు లైసెన్స్ సరెండర్ చేసి, తర్వాత మళ్ళీ యాక్టివేట్ చేసుకోండి, సీరియల్ నంబరు, ఏ మెయిల్ ఐడీతో తీసుకున్నారో రాసిపెట్టుకోండి. జీఎస్టీ రిటర్న్ ఆఖరి తేదీ ముందురోజు రాత్రి మాత్రం ఇట్టాంటి పనులు పెట్టుకోవద్దయ్యా.

మాది డీటీపీ సెంటర్, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మళ్ళీ వస్తాయా?

రావు. ఇన్‌స్టాల్ చేసే ఫైల్స్ మీ దగ్గర ఉంటేనే మళ్ళీ వేసుకోగలరు. చాలామంది దగ్గర పేజ్‌మేకర్ పదిహేనేళ్ళ కిందటి సీడీ, ఆ సీడీ ఎక్కడుందో దేవుడికే తెలుసు, ఇప్పుడు సిస్టమ్‌కి సీడీ డ్రైవే లేదు. రీసెట్‌కి ముందు సెటప్ ఫైల్స్, ఫాంట్స్ ఫోల్డర్, పెళ్ళి కార్డుల డిజైన్లు అన్నీ కాపీ చేసుకొని, సెటప్ చేతిలో లేకపోతే రీసెట్ ఆలోచన మానుకోండి. సీజన్‌లో అసలే వద్దు, శ్రావణం, మాఘం ముహూర్తాలు అయ్యాక చూసుకోవచ్చు.

ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుండాం, వేలిముద్ర మిషను, డిజిటల్ సిగ్నేచర్ సంగతేంటి?

డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటే దానికేం కాదు, అది టోకెన్‌లోనే ఉంటది, డ్రైవర్ మాత్రం మళ్ళీ వేసుకోవాలి. టోకెన్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందు చూసుకోండి. వేలిముద్ర మిషనుకి డ్రైవర్, ఆధార్‌తో కలిపే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ రెండూ మళ్ళీ వేయాలి.

సరే, ఎట్ట చెయ్యాలో చెప్పండి

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీ. అడ్మిన్ యూజర్‌తో లాగిన్ అయ్యుండాలి. కీప్ మై ఫైల్సా రిమూవ్ ఎవ్రీథింగా అని అడుగుద్ది, తర్వాత క్లౌడా లోకలా అని అడుగుద్ది, ఆఖర్లో ఏమేం పోతాయో చూపిస్తది, అది చదివి రీసెట్ కొట్టండి. ప్రింటర్, బయట హార్డ్ డిస్క్, పెన్‌డ్రైవ్ అన్నీ ముందే పీకేయండి, కీబోర్డు మౌస్ తప్ప. ముఖ్యంగా బ్యాకప్ తీసుకున్న హార్డ్ డిస్క్ తగిలించి ఉంచొద్దు.

క్లౌడ్ డౌన్‌లోడ్ మంచిదా, లోకల్ రీఇన్‌స్టాల్ మంచిదా?

విండోస్ ఫైల్సే పాడైపోయి ఉంటే క్లౌడ్ మంచిది, కొత్త ఫైల్స్ మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకుంటది. కానీ దాదాపు 4 జీబీ డేటా లాగుద్ది, ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజుకి జీబీన్నర, రెండు జీబీ ప్యాక్ మీద చేస్తే మధ్యాహ్నానికే నెట్ తాబేలు నడక నడుస్తది. ఫైబర్ ఉంటే క్లౌడ్, లేకపోతే లోకల్, అంటే సిస్టమ్‌లో ఉన్న ఫైల్స్‌తోనే ఎక్కించడం. లోకల్ పెట్టినా చాలావరకు బాగానే అవుద్ది.

ఎంతసేపు పడుద్ది? మధ్యలో కరెంటు పోతే?

ఎస్ఎస్‌డీ అయితే అరగంట నుంచి గంట, పాత హార్డ్ డిస్క్ అయితే రెండు మూడు గంటలైనా ఆశ్చర్యం లేదు. మధ్యలో పర్సంటేజ్ ఒకేచోట అరగంట ఆగిపోయినట్టు కనపడుద్ది, క్యాబినెట్ మీద చిన్న లైటు మిణుకుమిణుకుమంటా ఉంటే పని జరుగుతున్నట్టే, కంగారుపడి స్విచ్ కట్టేయొద్దు. రెండు మూడుసార్లు తనే రీస్టార్ట్ అవుద్ది.

కరెంటు పోతే ఒక్కోసారి తనే సర్దుకొని పాత స్థితికి వచ్చేస్తది, ఒక్కోసారి విండోస్ అసలు లేవదు, అప్పుడు పెన్‌డ్రైవే గతి. యూపీఎస్ ఉంది గదా అనుకోవద్దు, ఇంట్లో వాడే చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాల కంటే ఆగదు. ఎండాకాలం మధ్యాహ్నాలు, గాలీవాన వచ్చే సాయంత్రాలు, లైన్ పనుందని కరెంటోళ్ళు ముందే చెప్పిన రోజులు వదిలేసి ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పొద్దున్నే పెట్టుకోండి.

విండోస్ లోపలికే పోవట్లా, రీసెట్ బటన్ ఎట్ట దొరుకుద్ది?

లాగిన్ స్క్రీన్ వరకు వస్తే షిఫ్ట్ పట్టుకొని పవర్ గుర్తులో రీస్టార్ట్ కొట్టండి, నీలం స్క్రీన్ వస్తది, ట్రబుల్‌షూట్‌లో రీసెట్ దిస్ పీసీ ఉంటది. అంతవరకు కూడా రాకపోతే ఆన్ చేసి విండోస్ గుర్తు రాగానే పవర్ బటన్ గట్టిగా పట్టుకొని ఆఫ్ చెయ్యండి, ఇట్ట రెండు మూడుసార్లు చేస్తే తనే రికవరీలోకి పోతది. అదీ రాకపోతే ఇంకో సిస్టమ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ అయినా ఉన్న పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతది, పెళ్ళి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ ఇవ్వకండి.

నీలం స్క్రీన్ వచ్చింది కానీ కీబోర్డు, మౌస్ రెండూ కదలట్లా?

2025 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ ఒకటి సరిగ్గా ఇదే పని చేసింది, విండోస్‌లో బాగానే ఉండి రికవరీలో మాత్రం యూఎస్‌బీ కీబోర్డు మౌస్ చచ్చిపోయేవి. మైక్రోసాఫ్ట్ అక్టోబర్ 20న విడిగా ఇంకో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన అప్‌డేట్ వల్ల విండోస్ 10లోనూ, 11 పాత వెర్షన్లలోనూ రీసెట్ మధ్యలో ఫెయిల్ అయ్యేది, దానికి ఆగస్టు 19న మందు వచ్చింది. కాబట్టి విండోస్ తెరుచుకునే స్థితిలో ఉంటే ముందు అప్‌డేట్స్ అన్నీ వేసి, ఆ తర్వాతే రీసెట్‌కి పోండి. తెరుచుకోకపోతే పాత గుండ్రటి పిన్ను పీఎస్2 కీబోర్డు మీ బోర్డుకి పెట్టే చోటు ఉంటే అది పెట్టి చూడండి, లేదంటే పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యండి.

బిట్‌లాకర్ కీ అడుగుతోంది, మేం ఎప్పుడూ పెట్టలా!

బిట్‌లాకర్ అంటే డిస్క్‌లో ఉన్నదానికి విండోస్ వేసే తాళం. మీరు పెట్టకపోయినా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త విండోస్ 11 సిస్టమ్‌లలో తనే ఆన్ అయ్యుంటది. కీ 48 అంకెలు. ఏ మెయిల్‌తో సెటప్ చేశారో ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్లో లాగిన్ అయ్యి డివైసెస్‌లో చూస్తే దొరుకుద్ది. షాపతను తన మెయిల్‌తో సెటప్ చేసిచ్చి ఉంటే ఆయన్నే అడగాలి. ఇందుకే కొనేటప్పుడే మీ మెయిల్‌తో పెట్టించుకోండి. కీ లేకపోతే పెన్‌డ్రైవ్‌తో మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించుకోవచ్చు, లోపలి డేటా మాత్రం ఎవరూ తీయలేరు, తీస్తానని డబ్బులు అడిగితే ఇవ్వకండి.

పాస్‌వర్డ్ మర్చిపోయాం, రీసెట్ ఒక్కటేనా దారి?

మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఫోన్ నుంచే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, రీసెట్ దండగ. లోకల్ యూజర్ (మెయిల్ లేకుండా ఆ సిస్టమ్‌లోనే పెట్టుకున్నది) అయితే లాగిన్ దగ్గర తప్పు పాస్‌వర్డ్ కొట్టాక సెక్యూరిటీ ప్రశ్నలు వస్తాయి, అవీ గుర్తు లేకపోతే అప్పుడు రీసెట్.

వైరస్ ఉంటే రీసెట్‌తో పోద్దా?

సి డ్రైవ్‌లో ఉంటే దాదాపు పోద్ది, రిమూవ్ ఎవ్రీథింగ్ పెడితే. కానీ డి, ఇ డ్రైవ్‌లు అట్టే ఉంటాయి గదా, దాంట్లోదో జిరాక్స్ షాపులో తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లోదో డబుల్ క్లిక్ చేస్తే మళ్ళీ మొదటికే. రీసెట్ అయ్యాక ముందు విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌తో అన్ని డ్రైవ్‌లు ఫుల్ స్కాన్ పెట్టండి. ఇక ఫైల్స్ పేర్లు మారిపోయి డబ్బులు కట్టమని నోట్ వస్తే అది ర్యాన్సమ్‌వేర్, రీసెట్ చేసినా ఆ ఫైల్స్ తెరుచుకోవు. వెంటనే నెట్ పీకేసి, బ్యాకప్ ఉంటే దాంతో నడుపుకోండి, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ కంప్లైంట్ ఇవ్వండి.

సిస్టమ్ అమ్మేస్తుండాం, మా ఫోటోలు వాళ్ళకి దొరక్కుండా?

రిమూవ్ ఎవ్రీథింగ్ పెట్టి, ఛేంజ్ సెట్టింగ్స్‌లోకి పోయి క్లీన్ డేటా ఆన్ చెయ్యండి, అన్ని డ్రైవ్‌ల నుంచి తీసేయమని కూడా పెట్టండి. ఉత్త రీసెట్ చేసిన హార్డ్ డిస్క్ నుంచి ఫోటోలు తీసే సాఫ్ట్‌వేర్లు ఫ్రీగా దొరుకుతాయి. క్లీన్ డేటాకి గంటలు పడుద్ది, రాత్రి పెట్టి పడుకోండి. ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్క్ అయితే నా మాట విని డిస్క్ తీసి మీ దగ్గరే పెట్టుకొని సిస్టమ్ ఒక్కటే అమ్మండి, తగ్గేది కొద్ది డబ్బే.

రీసెట్ తర్వాత యాక్టివేట్ విండోస్ అని మూల పడుతోంది

ఒరిజినల్ అయితే నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుద్ది, లైసెన్స్ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటది. మధ్యలో బోర్డు మార్చి ఉంటే అవ్వకపోవచ్చు. నెట్ పెట్టినా రాకపోతే, బోర్డూ మారలేదంటే, ముందున్నది ఒరిజినల్ కాకపోవచ్చు, ఎవరో క్రాక్ (దొంగ యాక్టివేషన్) పెట్టి ఇచ్చి ఉండొచ్చు. మళ్ళీ క్రాక్ వెతుక్కోవద్దు, వైరస్‌లు ఎక్కువగా వచ్చే దారి అదే.

అంతా అయింది, నెట్ రావట్లా, సౌండ్ రావట్లా

డ్రైవర్లు. నెట్ లేకుండా డ్రైవర్ దిగదు, డ్రైవర్ లేకుండా నెట్ రాదు, అందరూ ఈడే ఇరుక్కుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో సిస్టమ్‌కి పెట్టి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, వైఫై డ్రైవర్ లేకపోయినా నెట్ వచ్చేస్తది. తర్వాత విండోస్ అప్‌డేట్ పెడితే చాలావరకు తనే తెచ్చుకుంటది, మిగిలినవి మదర్‌బోర్డ్ కంపెనీ సైట్‌లో బోర్డు మోడల్ కొట్టి దింపుకోండి.

మాది విండోస్ 7, ఇంకొకటి విండోస్ 10, ఇప్పుడు రీసెట్ చేస్తే లాభమా?

7లో రీసెట్ దిస్ పీసీ అనేదే లేదు, బ్రాండెడ్ అయితే రికవరీ పార్టిషన్, అసెంబుల్డ్ అయితే ఫార్మాట్. 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇళ్ళల్లో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్స్ 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. రీసెట్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తది. 11కి పోవాలంటే టీపీఎమ్ 2.0 (సెక్యూరిటీ చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే. మీ సిస్టమ్ దానికి సరిపోతే రీసెట్ చేసి మళ్ళీ 10 మీదే ఎందుకు కూర్చోవడం, పెన్‌డ్రైవ్‌తో నేరుగా 11 ఎక్కించేసుకోండి. సరిపోకపోతే టైపింగ్‌కీ, పిల్లోళ్ళ చదువుకీ వాడుకోండి గానీ బ్యాంకు పనులు దాంట్లో పెట్టుకోవద్దు.